ఇంటి కింద ఉన్నవాడు

ఇల్లు కొంటున్నామని తెలిశాక వాస్తు అడిగినవాళ్ళకు లెక్కలేదు, ధర్మం అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈశాన్యం తెగిందా పెరిగిందా, వీధిపోటు ఏమన్నా ఉందా, పొయ్యి ఆగ్నేయానికే వస్తుందా, వాననీళ్ళు ఎటు వాలతాయి అని చుట్టాలు ఫోన్లు చేసి మరీ కనుక్కున్నారు. నేను లెక్కలు రాసే కోల్డ్ స్టోరేజీలో ముఠా మేస్త్రి సైతం మిరప టిక్కీలు దించడం ఆపి, "దక్షిణం వాకిలి మాత్రం వద్దమ్మా, మా బావమరిది చితికిపోయాడు" అని చెప్పి మళ్ళీ పనిలో పడ్డాడు. దిక్కుల మీద ఇంత శ్రద్ధ ఉన్నవాళ్ళం మనుషుల సంగతి ఎందుకు అడగం? సొంత ఇల్లు అమర్చుకున్నందుకు మనం ఎవరికైనా బాకీ పడతామా? పడితే ఆ బాకీ ఏ ఈఎంఐతో తీరుతుంది? కొన్నాళ్ళుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇదే.

ముందు మా సంగతి. మాది పర్చూరు దగ్గర పల్లె. నేను పుట్టినప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. పెళ్ళయి గుంటూరు వచ్చాక బ్రాడీపేటలో అద్దె ఇళ్ళే. మా ఆయన విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల దుకాణంలో పనిచేస్తారు. నాది మిరప లోకం. సంక్రాంతి దాటిందంటే మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేదాకా తల ఎత్తే తీరికుండదు. ఆయనకు వారధి మీద ట్రాఫిక్కు, నాకు ఘాటు. ఇద్దరికీ నడుమ ఎక్కడో ఉండాలి, పిల్లల స్కూలు బస్సు వాకిట్లోకి రావాలి, చీకటిపడి ఇంటికొచ్చినా బెదురు లేకుండా నడవగలగాలి. గుంటూరుకూ విజయవాడకూ మధ్య ఉన్న ముప్ఫై చిల్లర కిలోమీటర్లలో మాలాంటివాళ్ళు వెతుక్కునే ఊళ్ళు తెలిసినవే: పెదకాకాని, నంబూరు, కాజ, మంగళగిరి.

ఒకప్పుడు ఈ దారిలో జనం దిగేది పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడి దగ్గర, పానకాల స్వామి కొండ దగ్గర. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చింది. 2015లో అమరావతికి శంకుస్థాపన జరిగింది. 2018లో మంగళగిరి ఎయిమ్స్‌లో చదువులు మొదలయ్యాయి. 2019లో రాజధాని పడకేసింది, 2024లో లేచి కూర్చుంది. ఆ ఏడాది అక్టోబరులోనే ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల కొత్త రైలు మార్గానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. గజం ధర కూడా ప్రభుత్వాలతోపాటే పడుకుంది, లేచింది. మిరప, పత్తి, వరి పండిన నేలల్లో ఇప్పుడు హోర్డింగులు నిలబడ్డాయి. పిల్లలకు ఆటస్థలం, పెద్దలకు నడకదారి, అందరికీ క్లబ్‌హౌస్, మూడంచెల భద్రత.

"ఇల్లు కొనడం అర్థం కిందికి వస్తుందా, కామం కిందికి వస్తుందా?" అని మా ఆయన్ని అడిగాను. "ఇరవై ఏళ్ళ లోను కాగితం చూస్తే మోక్షం తప్ప అన్నీ కనపడుతున్నాయి" అన్నారు.

వాస్తును తీసిపారేసేవాళ్ళలో నేను లేను. గాలి, ఎండ, నీరు చూసుకుని కట్టుకోమనే మాట ఎవరు చెప్పినా మంచిదే. కాని ఆ శాస్త్రానికి మొదట్లో ఉన్న కథను మనం పక్కన పడేశాం. మత్స్యపురాణంలో ఉంది. శివుడు అంధకాసురుడితో పోరాడేటప్పుడు ఆయన చెమటబొట్టు నేల మీద పడి ఒక భూతం పుట్టింది. దానికి ఎంత తిన్నా ఆరని ఆకలి. మూడు లోకాలనూ మింగబోతుంటే దేవతలంతా కలిసి దాన్ని బోర్లాపడేసి, ఎవరు అదిమిన చోట వాళ్ళే కూర్చుండిపోయారు. నడిమధ్యన బ్రహ్మ కూర్చున్నాడు. కిందపడ్డవాడు తిరగబడలేదు, శపించలేదు. నన్నిలా పడేశారు సరే, నేను తినేదేమిటి అని మాత్రం అడిగాడు. ఇల్లు కట్టుకునేవాడు పెట్టే బలి నీదే అన్నారు దేవతలు. ఆయనే వాస్తుపురుషుడు.

ఆయన తల ఏ మూల, కాళ్ళు ఏ మూల అని పటం గీసుకుని చూడటం మనకు బాగా వచ్చు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం మనకు వినపడదు. ఈ కథ కట్టినవాళ్ళకు ఒక సంగతి స్పష్టంగా తెలుసని నా నమ్మకం. ప్రతి ఇంటి బరువూ కింద ఎవరో మోస్తున్నారు, వాళ్ళకు ఆకలి ఉంది, దానికి జవాబు చెప్పుకోవలసినవాడు పైన కాపురం ఉండేవాడు. దేవతలంతటివాళ్ళే కూర్చున్నా ఆ బాకీ మాఫీ కాలేదు. గృహప్రవేశం ముందు చేసే వాస్తుశాంతి ఈ బాకీని ఒప్పుకుంటూ చేసే సంతకం. మనం పురోహితుడికి దక్షిణ ఇచ్చి సంతకం పెట్టేసి, బాకీ సంగతి మరిచిపోతున్నాం.

మేం చూసిన మొదటి ఫ్లాటు తాలూకు లింకు డాక్యుమెంట్లు లాయరుగారి దగ్గర కూర్చుని చదివాను. లెక్కలు రాసేదాన్ని కాబట్టి కాగితాలంటే నాకు విసుగుండదు. బిల్డరుతో డెవలప్‌మెంటు ఒప్పందం రాసుకున్న అన్నదమ్ములు, వాళ్ళ పంపకాల దస్తావేజు, అంతకుముందు వాళ్ళ తండ్రి కొన్న కాగితం, దాని చివర అమ్మినావిడ వేలిముద్ర. కుటుంబ అవసరముల నిమిత్తము అని రాసి ఉంది. ఆ ముక్క ఈ జిల్లాల్లో ప్రతి దస్తావేజులోనూ ఉంటుంది. దాని వెనక పెళ్ళి ఉంటుంది, ఆసుపత్రి ఉంటుంది, అప్పు ఉంటుంది. తూర్పున ఫలానావారి పొలం, పడమర డొంక అని నాలుగు హద్దులూ పక్కాగా ఉన్నాయి. ఆ హద్దుల లోపల పనిచేసినవాళ్ళ పేర్లు మాత్రం ఏ కాగితంలోనూ లేవు. నోటిమాట మీద కౌలు చేసిన రైతుకు కాగితమే ఉండదు. కాయ కోతకు ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి పిల్లాజెల్లాతో దిగి, చేల గట్ల మీద పట్టాల గుడారాలేసుకుని నెలల తరబడి ఉండిపోయే కూలీలు అసలే లేరు. రేపు మనం పార్కింగు గీతలు గీసుకునే చోట ఇల్లు లేని ఒక కుటుంబం కాపురం చేసి వెళ్ళి ఉంటుంది. లాయరుగారు ఈసీ చూసి, "క్లియర్ టైటిల్ అమ్మా, ఎవరి బాకీ లేదు" అన్నారు. చట్టం వరకు ఆయన మాట నిజం.

ఈ కనపడనివాళ్ళను ప్రభుత్వం ఒకసారి కాగితం మీదికి ఎక్కించింది. రాజధాని భూసమీకరణలో మెట్ట ఎకరా ఇచ్చిన రైతుకు వెయ్యి గజాల ఇంటిస్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, పదేళ్ళ కౌలు ఇస్తామన్నారు. భూమి లేని కూలి కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను పెట్టారు. ఆ మొత్తం చాలదని మనమూ అంటాం, వాళ్ళూ అన్నారు. అయినా దాని వెనకున్న ఒప్పుకోలు చిన్నది కాదు. పొలం పోతే నష్టపోయేవాడు పట్టాదారు ఒక్కడే కాదని, ఆ నేల మీద బతికినవాడికీ ఏదో ఇవ్వాలని ఒక జీవోలో రాశారు. నేను ఇన్నాళ్ళలో చూసిన వాస్తుబలుల్లో అదే పెద్దది.

మేమేమీ పైన కూర్చునే పుట్టలేదు. 1980ల్లో మా వైపు పత్తి మీద తెల్లదోమ పడింది. కొట్టిన మందుకు పురుగు చావలేదు, మందులకు తెచ్చిన అప్పు పెరిగింది. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిరైతులు అదే పురుగుమందు తాగి చచ్చిపోయారు. మా నాన్న తాగలేదు, రెండెకరాలు అమ్మారు. ఆ దస్తావేజులోనూ కుటుంబ అవసరముల నిమిత్తము అనే రాసి ఉంటారు. ఆ రేగడిలో ఇవాళ ఎవరి లింకు డాక్యుమెంట్లలోనో మా నాన్న సంతకం ఉంది. నేను ఇంకొకరి వేలిముద్ర మీద ఇల్లు కొంటున్నాను. ఈ వరసలో ఎవరూ పూర్తిగా దోషులు కారు, ఎవరూ పూర్తిగా చేతులు కడుక్కోలేరు.

మంగళగిరిలో ఒక ఫ్లాటు చూపిస్తూ బ్రోకరు బాల్కనీ తలుపు తీసి, "టెంపుల్ వ్యూ మేడం, దీనికే డిమాండు" అన్నాడు. ఎదురుగా లక్ష్మీనరసింహస్వామి గాలిగోపురం. పదకొండు అంతస్తులు, 153 అడుగులు. 1807–09 మధ్య రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించాడు. ఈ ప్రాంతంలో మొదటి టౌన్‌షిప్ వేసినవాడు కూడా ఆయనే అనుకోవచ్చు. 1790ల్లో చింతపల్లి విడిచి అమరావతిలో కొత్త ఊరు కట్టి, వర్తకులను, వృత్తులవాళ్ళను రప్పించి కాపురాలు పెట్టించాడు. ఆ కట్టడాలకు రాయీ ఇటుకా కావలసివస్తే పక్కనున్న దీపాలదిన్నెను తవ్వించాడు. ఆ దిన్నె కింద ఉన్నది బౌద్ధ మహాస్తూపం. దాని సంగతి తర్వాత కల్నల్ మెకంజీ రాతల వల్ల లోకానికి తెలిసింది. అప్పటికే ఎన్నో శిల్పాలు గోడల్లోకీ మెట్లలోకీ పోయాయి.

ఆయన గురించి జనం చెప్పుకునే కథ ఇంకొకటుంది. దోపిడీలు చేస్తున్నారని చెంచుల మీద కోపగించి, వాళ్ళను విందుకు పిలిచి, వచ్చిన ఆరువందల మందినీ నరికించాడట. ఆ తర్వాత ఆయన భోజనానికి కూర్చుంటే కంచంలో మెతుకులు పురుగులై కదిలేవట. ఆ పాపం పోవడానికే ఇన్ని గుళ్ళు, ఇన్ని గోపురాలు కట్టించాడంటారు. చరిత్రకారులు దీన్ని ఎంతవరకు ఒప్పుకుంటారన్నది వాళ్ళ పని. జనం ఆయనకు వేసిన శిక్ష మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. రాజ్యం పోయిందనలేదు, కుష్ఠు వచ్చిందనలేదు. తన ఇంట్లో తన కంచంలో అన్నం తినలేకపోయాడన్నారు. పిలిచిన అతిథికి ద్రోహం చేసినవాడి ఇల్లు ఇల్లుగా పనిచేయడం మానేస్తుందని మన పల్లెజనం తీర్పు. గోపురం ఎంత ఎత్తు లేపినా ఆ తీర్పు మారలేదు. గుడికిచ్చిన దానం, మనిషికి పడ్డ బాకీలో జమ కాదు. ఏ శాస్త్రగ్రంథమూ చదవనివాళ్ళు నిలబెట్టిన సూత్రమిది, టెంపుల్ వ్యూకు అదనంగా గజానికి ఇంత అని చెల్లించే మాలాంటివాళ్ళు గుర్తుపెట్టుకోవలసింది.

అయితే ఆ బాకీ తీర్చే పద్ధతి ఏమిటి? మా పెద్దవాళ్ళనడిగితే వెంటనే అరుగు గుర్తుచేస్తారు. మా తాతగారింటికి వీధివైపు పొడుగాటి అరుగుండేది. దారినపోయేవాడు కూర్చునేవాడు, మజ్జిగ ఇచ్చేవాళ్ళు, ఏ ఊరని అడిగేవాళ్ళు. ఇప్పుడేముంది, గేటు, వాచ్‌మన్, ఫోనులో అప్రూవల్, అని నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పు నేను పూర్తిగా నమ్మను. దారినపోయే ప్రతివాడూ ఆ అరుగెక్కలేదు. మా పత్తి తీసిన ఆడవాళ్ళు వేపచెట్టు కింద నిలబడేవాళ్ళు. వాళ్ళకూ మజ్జిగ వచ్చేది, దోసిట్లోకి, పైనుంచి. అరుగు అడిగే మొదటి ప్రశ్న ఏ ఊరని కాదు, ఏమిట్లని, అంటే ఏ కులమని. జవాబును బట్టి కూర్చోవడమో నిలబడటమో తేలేది.

కారంచేడు మా ఊరికి దూరమేమీ కాదు. 1985 జూలై 17న జరిగింది నేను పెద్దయ్యాక తెలుసుకున్నాను. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవ. ఆరుగురు దళితులను చంపారు. మిగిలినవాళ్ళు ఊరు వదిలి చీరాల వచ్చేసి అక్కడే కాలనీ కట్టుకుని నిలదొక్కుకున్నారు. మా ప్రాంతంలో భద్రత కోసం, పిల్లల కోసం, ఎవరూ వంక పెట్టలేని నాలుగు గోడల కోసం పట్నం అంచుకు తరలివచ్చినవాళ్ళలో వాళ్ళను కూడా లెక్కవేయాలి. ఊరి అరుగు మీద వాళ్ళకు బెంగ ఉంటుందనుకోను. ఎవరి గొడవా ఎవరికీ పట్టని కొత్త కాలనీ కొందరికి ఒంటరితనం, కొందరికి ఊపిరి. గేటు దగ్గర యూనిఫాంవాడు పేరు, ఫోను నంబరు, ఫ్లాటు నంబరు అందరినీ ఒకేలా అడుగుతాడు. ఆ మేరకు అరుగు కంటే గేటే నయం.

గేటు వరకు రానిస్తే అని చెప్పాలి. మా ఆఫీసులో నాతో పనిచేసే అమ్మాయి క్రైస్తవురాలు. ఆమె, నేను ఒకే బ్రోకరుతో ఇళ్ళు చూశాం. నన్ను ఏమిట్లని నెమ్మదిగా, మాటల మధ్యలో అడిగాడు. ఆమెను సూటిగానే అడిగాడు. నేను చూసిన ఫ్లాటు ఆమె అడిగేసరికి ఓనరు ఊళ్ళో లేడు, ఆ తర్వాత బుక్కయిపోయింది, మరుసటి వారం నాకు మళ్ళీ ఖాళీ ఉందని ఫోను వచ్చింది. ఫ్యామిలీలకు అనువైన ప్రశాంత వాతావరణం అని బ్రోషరులో రాసే మాటలో ఏ ఫ్యామిలీ అన్నది రాయరు. ఊళ్ళో అరుగు పోయింది గాని, అరుగు అడిగే ప్రశ్న మాత్రం గేటెడ్ కమ్యూనిటీకి మాకంటే ముందే వచ్చి కాపురం పెట్టింది.

గేటు గురించి మన గ్రంథాల్లో ఏమన్నా ఉందా అని వెతికితే నాకు కఠోపనిషత్తు కనపడింది. దాన్ని అందరూ ఆత్మవిద్య కోసం చదువుతారు. మొదట్లో ఉన్నది మాత్రం ఒక వాకిలి. నచికేతుడు యముడింటికి వెళ్ళాడు. ఇంటాయన లేడు. కుర్రవాడు మూడు రాత్రులు అన్నం లేకుండా వాకిట్లోనే ఉన్నాడు. యముడు వచ్చాక ఇంట్లోవాళ్ళు హెచ్చరించారు, అతిథి పస్తున్న ఇంటివాడికి పుణ్యమూ సంతానమూ పశువులూ అన్నీ పోతాయని. లోకమంతా ఎవరి పేరు చెబితే వణుకుతుందో ఆయన వాకిట్లో నిలబడ్డ పిల్లవాడికి వణికాడు. నీళ్ళిచ్చి, నమస్కరించి, మూడు రాత్రులకు మూడు వరాలు ఇచ్చాడు. మృత్యువు రహస్యం మనిషికి తెలిసింది ఆ మూడో రాత్రి తాలూకు పరిహారంగానే.

ఇందులో నాకు రెండు సంగతులు తోచాయి. ఒకటి, వాకిలి మూసి ఉండటం తప్పని ఉపనిషత్తు అనలేదు. ఇంటాయన ఊళ్ళో లేడు, పని మీద వెళ్ళాడు. పొద్దున ఏడింటికి తాళం వేసి రాత్రి ఎనిమిదింటికి తీసే మాలాంటి ఇళ్ళ మీద కూడా అది నిందేమీ వేయదు. రాత్రి ఒంటరిగా వచ్చే ఆడదానికి గేటు కావాలి, కావాలనుకోవడం పాపం కాదు. రెండోది, వాకిట్లో నిలబడ్డవాడు నిలబడిన ప్రతి పూటా ఇంటివాడి ఖాతాలో పడుతుంది. నాకు తెలియదనడానికి లేదు. వాచ్‌మన్ ఆపాడు, అసోసియేషన్ రూలు, యాప్ పనిచేయలేదు అనడానికీ లేదు. అలాంటి సాకు యముడికే దొరకలేదు.

ఇంత తలనొప్పి ఉంటే అసలు ఇల్లెందుకు అని అడిగేవాళ్ళున్నారు. ఆ మాట అనే అర్హత ఉన్నవాడు ఒకాయన ఈ దారిలోనే పుట్టాడు. కృష్ణలీలాతరంగిణి రాసిన నారాయణ తీర్థులది కాజ అని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. గృహస్థుగా ఉన్న రోజుల్లో అత్తవారింటికని కృష్ణ దాటుతుంటే వరద ముంచుకొచ్చిందట. ప్రాణం పోయేట్టుందని ఆపత్సన్యాసం తీసుకున్నాడట, ఒడ్డుకు చేరి బతికాడట. బతికాడు గనక పోనీలే అని మాట వెనక్కి తీసుకోలేదు. సన్యాసిగానే వెళ్ళిపోయి, తమిళనాట వరహూరులో తరంగాలు కట్టాడు. ఇవాళ ఆ కాజ పేరుతో విల్లాల ప్రకటనలు వస్తున్నాయి. ఇల్లు వదిలి పేరు తెచ్చుకున్నవాడి ఊళ్ళో ఇల్లు కొనడానికి వరస కట్టాం.

ఆయనంటే నాకు గౌరవం. కాని ఆయన దారి నా ప్రశ్నకు జవాబు కాదు. వరహూరు దాకా నడిచిన సన్యాసికి దారి పొడుగునా ఎవరో ఒకరు అన్నం పెట్టారు, పడుకోవడానికి చోటిచ్చారు. మిగిలిన మూడు ఆశ్రమాలూ గృహస్థు మీద ఆధారపడి బతుకుతాయని ధర్మశాస్త్రాలు ఒప్పుకున్నాయి. ఇల్లు వదలడం గొప్పే. ఎవరో ఒకరు వదలకుండా ఉండబట్టే ఆ గొప్ప సాధ్యమైంది. ఇల్లు ఉండొచ్చా అన్నది తేలిపోయిన సంగతి. ఉన్న ఇల్లు ఎవరి లెక్కలో ఉండాలన్నది తేలవలసింది.

వాసిరెడ్డివారు రాళ్ళు లాగించిన ఆ స్తూపం దగ్గరే నాకు నచ్చిన గృహస్థు ఉన్నాడు. పేరు విధికుడు. తోలుపని చేసే చర్మకారుడు. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట అమరావతి మహాస్తూపానికి పూర్ణఘటం చెక్కిన ఒక పలక ఇచ్చాడు. దాని మీద తన పేరు వేయించుకుంటూ తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి ఇస్తున్నానని చెప్పించాడు. తర్వాతి కాలంలో ఊరు ఎవరినైతే అరుగు దిగువన నిలబెట్టిందో, ఆ వృత్తివాడు ఆ రోజు సంఘం నడిమధ్య నిండుకుండ నిలబెట్టాడు. ఆంధ్రప్రదేశ్ చిహ్నంలో పూర్ణఘటం చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. ఆ పలక మీద ఆయనకెన్ని గదులున్నాయో లేదు. ఆయనతో ఎవరెవరున్నారో ఉంది. మన రిజిస్ట్రేషన్ దస్తావేజులో అటు తిరిగి ఇటు తిరిగి గదులూ గజాలే ఉంటాయి.

గజాల మాట వచ్చింది కాబట్టి, అపార్ట్‌మెంటు దస్తావేజులో నాకు నచ్చిన ఒక్క ముక్క చెప్పాలి. ఫ్లాటుతోపాటు నేలలో కొన్ని గజాల అవిభాజ్యపు వాటా రాస్తారు. మా వాటా ఎక్కడుందని బిల్డరుని అడిగితే నవ్వాడు. ఎక్కడా లేదు, అంతటా ఉంది. ఇదిగో ఇది నాది అని కంచె వేసుకునేందుకు లేని భూమి. రేగడిలో అంగుళం గట్టు కోసం తలలు పగలగొట్టుకున్న వంశంలోంచి వచ్చినదాన్ని, నాకది వేదాంతంలాగే వినపడింది. అవిభాజ్యమని రాసుకున్నాక ఆ నేల మీద ఉండేవాళ్ళందరి సంగతీ అందరిదీ అవ్వాలి కదా.

మా సహోద్యోగి చివరకు పెదకాకానిలో చిన్న ఇల్లు తీసుకుంది. గృహప్రతిష్ఠ ప్రార్థనకు వెళ్ళాం. పాస్టరుగారు ముందుగా తాపీమేస్త్రీలను, వాళ్ళ కింద ఇటుకలు మోసిన ఆడవాళ్ళను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. భోజనాల్లో మొదటి పంక్తీ వాళ్ళదే. మావైపూ మేస్త్రికి కొత్త బట్టలు పెడతాం, కాకపోతే ఫొటో అయ్యాక ఆయన పక్కకు వెళ్ళిపోతాడు. ఆ రోజు వాళ్ళు తిన్నాకే మేం తిన్నాం. ఏ మతంవాళ్ళు చేసినా నా దృష్టిలో అదే సరైన వాస్తుశాంతి.

మాకు చివరకు రెండు మిగిలాయి. కాజ వైపు ఉన్నదాంట్లో క్లబ్‌హౌస్, చిన్న ఈతకొలను ఉన్నాయి. మెయిన్ లిఫ్టు పక్కన పనివాళ్ళు, డెలివరీవాళ్ళు వాడరాదు అని అందమైన అక్షరాల్లో బోర్డు. నంబూరులో ఉన్నది ఐదంతస్తుల మామూలు అపార్ట్‌మెంటు, ఒకటే లిఫ్టు, అందరూ ఎక్కుతారు. దాని కింద, పార్కింగులో, మెట్ల చాటున ఒక గది. వాచ్‌మన్, భార్య, ఇద్దరు పిల్లలు. కనిగిరి వైపు మెట్టపల్లె వాళ్ళు, వానలు లేక వచ్చేశారు. ఆ గదికి కిటికీ లేదు. పిల్లలు వెలుతురు కోసం కార్ల మధ్య కూర్చుని చదువుకుంటున్నారు.

వాస్తుపురుషుణ్ణి పటంలో చూపించినవాళ్ళు చాలామంది. నాకు ఆయన నంబూరులో కనపడ్డాడు. మాకు అమ్ముతున్న ఐదు అంతస్తులూ ఆయన నెత్తి మీదే ఉన్నాయి. ఆయన అడిగిందీ పురాణంలో అడిగిందే, మాటే మారింది. "ఆ గోడకు కిటికీ పెట్టిస్తారేమో అడగండమ్మా, పిల్లలకు ఊపిరాడటంలే" అన్నది ఆయన భార్య.

మేం నంబూరే తీసుకున్నాం. రిజిస్ట్రేషనుకు ముందు బిల్డరుతో, మిగతా కొనేవాళ్ళతో మాట్లాడి ఆ గదికి రెండు కిటికీలు, విడిగా బాత్రూము పెట్టించాలని ఒప్పించాం. అందరూ సంతోషంగా ఒప్పుకోలేదు. దక్షిణం గోడకు కిటికీ పెడితే వాస్తు దెబ్బతింటుందని ఒకరన్నారు. వాచ్‌మన్లకు అలవాటు చేస్తే రేపు ఇంకేదో అడుగుతారని ఇంకొకరన్నారు. అడుగుతారు, అడగాలి కూడా. బ్రోకరు అడిగే ప్రశ్నను ఆపడం మాత్రం మా చేతుల్లో పడలేదు. మా ఫ్లాటు ఎప్పుడైనా అద్దెకివ్వాల్సివస్తే ఆ ప్రశ్న అడగనివ్వమని ఇంట్లో అనుకున్నాం, అంతే.

ఖర్చు పంచుకున్నాక అసోసియేషన్ కోశాధికారిగారు పుస్తకం తెరిచి, "దీన్ని డొనేషన్ల కింద రాస్తానమ్మా" అన్నారు. వద్దన్నాను. దానం చేస్తే మనకు పుణ్యం జమపడుతుంది, వాళ్ళు మనకు రుణపడతారు. ఇక్కడ లెక్క తిరగేసి ఉంది. బాకీల పద్దులో రాయండి, మొదటి వాయిదా అని పెట్టండి అన్నాను. ఎవరికి బాకీ, ఎంత, ఎప్పటికి తీరుతుంది, ఆడిటరు అడిగితే ఏం చెప్పాలి అని ఆయన నన్నే ఎదురడిగారు. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, గడి లేని చోట అంకె వేయలేరు. కాసేపు ఆలోచించి 'మరమ్మతులు' అని రాశారు. అదీ తప్పేం కాదని ఊరుకున్నాను.